కల్కి రెండో భాగం చీకటిగా ఉండాలంట! ఉండనీ, అయితే ఎవరి చీకటి?

'కల్కి 2898 ఏడీ' రెండో భాగం ఎప్పుడొస్తాదా అని మన పిల్లోళ్లు శానామంది కాసుకోని ఉండారు. టీ అంగడి కాడ, బస్సులో, రాత్రిపూట మోటరు కాడ కరెంటు కోసం కూర్చున్నప్పుడు కూడా ఫోన్లో అదే చర్చ. మొదటి భాగంలో భైరవ జోకులు, బుజ్జి కారు మాటలు ఎక్కువైనాయి. ఈసారి నవ్వులు తగ్గించి చీకటిగా తీయాల. సుప్రీమ్ యాస్కిన్‌ను పూర్తిగా బయటికి దింపాల. హీరో ఒకసారైనా ఓడిపోవాల. ఎక్కువమంది కోరేది ఇదే. 'డార్క్' అనే మాట మన ఊర్లలో 'కరెంటు' మాదిరి తెలుగు మాటే అయిపోయినాది.

ఇది విని పెద్దోళ్లు కొందరు కసురుకుంటారు. వాన రాక చెనిక్కాయ చేను వాడిపోతాంటే నీకు సినిమాలో చీకటి గావాల్నా అంటారు. వాళ్ల బాధ న్యాయమే. అయినా ఆ కోరికను నేను తీసిపారేయను. నీళ్లు ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్లదే అనే ముక్క మీద నడిచే కథ అది. గార్లదిన్నె పిల్లోనికి ఆ కథ తగలకపోతే ఇంగెవరికి తగులుతాది? అందుకే రెండో భాగాలు చీకటిగా ఎందుకొస్తాయి, ఈ రెండో భాగాన్ని మనం ఏం అడగాల అనేది తీరిగ్గా మాట్లాడుకుందాం.

మొదటి భాగం యాడ ఆగింది

2024 జూన్ 27న సినిమా వచ్చినాది. తీసినాయన నాగ్ అశ్విన్, నిర్మించింది వైజయంతీ మూవీస్. కథ కురుక్షేత్రం చివర్లో మొదలై ఆరు వేల ఏండ్లు ముందుకు దూకుతాది. పేరులో ఉండే 2898 లెక్క కూడా అదే. భారతకాలం క్రీస్తుపూర్వం 3102 అనుకుంటే, దానికి 2898 కలిపితే సరిగ్గా 6000.

అప్పటికి గంగ ఎండిపోయి ఉంటాది. మిగిలిన చివరి ఊరు కాశీ. ఆ ఊరి నెత్తిన తలకిందులు పెట్టిన పిరమిడ్ మాదిరి ఒక కట్టడం ఉంటాది. దాని పేరు కాంప్లెక్స్. నీళ్లు, పచ్చదనం, మంచి తిండి అన్నీ దాంట్లోనే. కిందోళ్లకు మిగిలేది దుమ్ము, ఆకలి. పైకి పోవాలంటే పది లక్షల యూనిట్లు కావాల. మన హీరో భైరవ ఆ యూనిట్ల కోసమే మనుషుల్ని పట్టిచ్చి డబ్బు తీసుకునే పని చేస్తాంటాడు.

కాంప్లెక్స్‌ను ఏలే యాస్కిన్ తన ఆయుస్సు పొడిగించుకోడానికి 'ప్రాజెక్ట్ కె' అనే ప్రయోగం నడుపుతాంటాడు. బిడ్డను మోయగల ఆడోళ్లను పట్టి తెచ్చి, వాళ్ల కడుపుల్లోంచి మందు తీయడం ఆ ప్రయోగం. అక్కడోళ్లకు పేరు కూడా ఉండదు, నంబరే. దాంట్లోంచి తప్పించుకున్న సుమ్-80 అనే ఆమె తర్వాత సుమతి అయితాది. ఆమె కడుపులో ఉండేది కల్కి అని అశ్వత్థామ కాపలా కాస్తాడు. భైరవ మాత్రం ఆమెను అప్పగిస్తే కాంప్లెక్స్‌కు దావ దొరుకుతాదని వెంటపడతాడు. చివరికి భైరవే కర్ణుడని తెలుస్తాది. అదే సమయానికి ఆ మందు ఒక్క చుక్క ఎక్కించుకోని యాస్కిన్ ముసలితనం వదిలి లేస్తాడు, గాండీవం చేతికి తీసుకుంటాడు. ఆ సీన్లో ఆయన నోట శ్రీశ్రీ మాటలు పలికించినారు.

ఆ ఒక్క సీన్ మళ్లీ చూడండి. బాధపడేవాళ్ల కోసం రాసిన కవి మాటలు బాధపెట్టేవాని నోట్లో ఉండాయి. వాడు మన పాటనే మనకు పాడి వినిపిస్తాండాడు. నెత్తురు, కత్తులు, నల్ల బట్టల కంటే నాకు భయమేసింది దానికే. రెండో భాగం చీకటిగా ఉంటాదని ఆశ పెట్టుకోడానికి అసలు సాక్ష్యం కూడా అదే.

రెండో భాగానికి చీకటి యాడనుంచి వస్తాది

ఇది మన సినిమాతో మొదలైన సంగతి కాదు. అమెరికాలో 'స్టార్ వార్స్' మొదటి సినిమా 1977లో వచ్చినాది. మంచోళ్లు గెలిచి పతకాలు వేసుకోవడంతో అయిపోతాది. 1980లో వచ్చిన రెండోదాంట్లో హీరో చెయ్యి తెగుతాది, స్నేహితుడు శత్రువుకు దొరికిపోతాడు, తన పగవాడే తన తండ్రి అని తెలుస్తాది. గెలుపు లేకుండానే తెర పడతాది. వచ్చినప్పుడు కొందరు పెదవి విరిచినారు గానీ, ఈ పొద్దు ఆ వరసలో అన్నిటికంటే మంచిది ఏదంటే శానామంది చెప్పేది దాని పేరే.

ఆస్ట్రేలియా 'మ్యాడ్ మ్యాక్స్' కూడా అంతే. 1979 సినిమాలో పోలీసులు, చట్టం కొంచెమైనా మిగిలుంటాయి. 1981లో వచ్చిన రెండోదాంట్లో అవీ ఉండవు, పెట్రోలు కోసం మనుషులు మనుషుల్ని చంపుకుంటాంటారు. 'డ్యూన్' రెండో భాగం 2024లో వచ్చినాది. అది ఇంకో అడుగు ముందుకు పోయి, జనం దేవుడని నమ్మిన హీరోనే జనానికి ప్రమాదమైతే ఎట్ల అని అడిగింది.

కారణం సులభం. మొదటి భాగానికి శానా పని ఉంటాది. లోకాన్ని కట్టాల, మనుషుల్ని పరిచయం చేయాల, కొత్తోళ్లు లేచిపోకుండా నవ్వించాల. రెండో భాగానికి ఆ బరువు ఉండదు. చూసేవానికి లోకం తెలుసు, మనుషుల మీద ప్రేమ పుట్టి ఉంటాది. కాబట్టి వాళ్లకు దెబ్బ తగిలితే మనకూ తగులుతాది. హీరో బలం మొదటిదాంట్లో చూపిస్తారు, బలహీనత రెండోదాంట్లో బయటపడతాది. అప్పులోని వడ్డీ మాదిరి అనుకోండి. తీసుకున్న నాడు కనపడదు, రెండో ఏడాదికి తెలుస్తాది.

తెలుగోళ్లకు ఈ ఎదురుచూపు కొత్త కాదు. 2015 జులైలో 'బాహుబలి' మొదటి భాగం ఒక వెన్నుపోటుతో ఆగిపోతే, 2017 ఏప్రిల్ దాకా కట్టప్ప గురించే మాట్లాడుకున్నాం. ఇంకా వెనక్కి పోతే 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' ఉండాది. దాంట్లో కాలయంత్రం 2504కు పోతే, ప్రపంచయుద్ధం అయిపోయి మనుషులు భూమి కింద బతుకుతాంటారు. పాటలు, రాయలవారి సభ అందరికీ గుర్తుంటాయి గానీ, ఆ చీకటి ముక్క కూడా ఆయనే చూపించినాడు. 'కల్కి'కి వెనకుండి సలహాలు ఇచ్చిన పెద్దాయన కూడా ఆయనే.

మన భారతంలో చీకటి రాత్రి

'కల్కి'కి చీకటి బయటినుంచి తెచ్చుకోవాల్సిన పనే లేదు. అది నిలబడిందే భారతంలోని చీకటి ఘట్టం మీద. యుద్ధం అయిపోయినాక వచ్చే సౌప్తిక పర్వం అది. తొడలు విరిగి దుర్యోధనుడు పడి ఉంటే, అశ్వత్థామ రాత్రిపూట పాండవుల శిబిరంలో దూరి నిద్రపోయేటోళ్లను నరుకుతాడు. ద్రౌపది ఐదుగురు కొడుకులూ ఆ రాత్రే పోతారు. అంతటితో ఆగక ఉత్తర కడుపులోని బిడ్డ మీదికి అస్త్రం వదులుతాడు. దానికే కృష్ణుడు చావు లేకుండా తిరగమని శపిస్తాడు.

ఒకప్పుడు కడుపులోని బిడ్డను చంపబోయినోడు ఆరు వేల ఏండ్లకు ఇంకో కడుపుకు కాపలా నిలబడినాడు. సినిమాలో అన్నిటికంటే లోతైన ఆలోచన ఇదే. ఆయన చేసిన పాపం ఎంత పెద్దదో మొదటి భాగం తొందరగా చూపించి దాటిపోయినాది. రెండో భాగం నిజంగా చీకటి కావాలంటే ఆ రాత్రి దగ్గర నిలబడాల. నిద్రలో చచ్చిన పిల్లోళ్ల ముఖాలు ఆయన్ను వదులుతాయా అని అడగాల.

విరాట పర్వం నుంచి స్వర్గారోహణం దాకా పదిహేను పర్వాలు, ఈ సౌప్తికంతో సహా, తెలుగు చేసినోడు 13వ శతాబ్దపు తిక్కన. ఆయన ఊరు నెల్లూరు. మన గార్లదిన్నె మండలంలో పెనకచర్ల కాడ కట్టేసిన పెన్నే ఆ నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తాది. ఆ తిక్కన విరాట పర్వం గురించి మన అవ్వలను అడగండి. వానలు రాకపోతే ఊర్లలో విరాట పర్వం చదివించేవాళ్లు. ధర్మరాజు ఉండే చోట వానలు పడతాయని దాంట్లో భీష్ముడు చెప్తాడు, నమ్మకానికి మూలం అది.

అయితే ఆ పర్వంలో ఏముంటాదో ఆలోచించండి. రాజ్యం పోయిన రాజు ఇంకో రాజు కొలువులో పని చేస్తాడు. భీముడు వంటోడు అయితాడు. అర్జునుడు పేరు మార్చుకోని ఆటపాటలు నేర్పుతాడు. ద్రౌపది రాణికి దాసిగా నిలబడి కీచకుని చేతిలో అవమానపడతాది. పోయిన పేరు, దాచుకున్న ముఖం, వేరేవాని ఊర్లో చాకిరి. మన జిల్లానుంచి బెంగళూరుకు పోయి కట్టడాల కాడ, కాపలా కాడ పనిచేసేవాళ్లకు ఈ కథ ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. వాన కోసం మనోళ్లు పట్టాభిషేకాన్ని చదివించలేదు, ఈ అజ్ఞాతవాసాన్ని చదివించినారు. కష్టకాలం కథే కష్టకాలంలో పనికొస్తాదని వాళ్లకు తెలుసు. డార్క్ భాగం కావాలనే మీ కోరికకు అంత పాత వేరు ఉండాది.

కాంప్లెక్స్ యాడుంది

ఇప్పుడు మన నేలకు వద్దాం. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అదీ నమ్మకంగా రాదు. బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు తావ హగరి ఏటి ఇసుక గాలికి లేచి చేల మీద దిబ్బలై కూర్చున్నాది. గంగ ఎండిపోయిన కాశీని చూపించడానికి సినిమావాళ్లు కంప్యూటర్లు వాడినారు, ఏరు ఎండి చేను ఇసుకపాలైన ఊరు మనకు బస్సు టికెట్టు దూరంలో ఉండాది.

పెనకచర్ల డ్యాంకు వచ్చే నీళ్లలో మన పెన్న నీళ్ల కంటే తుంగభద్ర నీళ్ల మీదే మన ఆశ ఎక్కువ. హోస్పేట కాడినుంచి ఎగువ కాలువలో, మనం హెచ్చెల్సీ అంటామే, దాంట్లో రావాల. 1953లో పూర్తయిన ఆ డ్యాం మొదట్లో 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 105 టీఎంసీల దగ్గరకు వచ్చినాది. తగ్గిన ప్రతి టీఎంసీ లెక్క కాలువ చివరుండేవాని చేను మీద పడుతుంది. పైనుండేవాడు తాగినాక మిగిలితే మనకు. కాంప్లెక్స్ తలకిందుల పిరమిడ్ అని నాగ్ అశ్విన్ గీసింది ఊహే కావచ్చు, కాలువ చివరి రైతుకు మాత్రం అది రోజూ కనపడే బొమ్మే.

2015 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్'లో ఒక దొర కొండమీద కూర్చోని, భూమిలోని నీళ్లు తోడి, కిందుండే జనానికి కొన్ని క్షణాలు వదిలి మళ్లీ కట్టేస్తాడు. పిల్లల్ని కనడానికి ఆడోళ్లను బంధించి పెట్టుకుంటాడు. నీళ్లూ కడుపూ రెండూ ఒకని గుప్పెట్లో. 'కల్కి'లోనూ అదే జోడీ. ఇది కాపీ సంగతి కాదు. కరువు వస్తే మొదట బిగుసుకునేది నీళ్ల మీద పెత్తనం, ఆ వెంటనే ఆడోళ్ల మీద బరువు. బిందె పట్టుకోని ట్యాంకరు కాడ నిలబడేది ఎవరో మీ ఇండ్లలోనే చూడండి.

ఇంగ భైరవ ఎవరు? కిందుండే జనంతో నాకేం పని, నా యూనిట్లు నాకు చేరితే పైకి పోతా అనుకుండే యువకుడు. ఊరు విడిచి పోయేది తప్పని నేను అనను, బతకాల గదా. కానీ మనం పైకి పోయే నగరం కూడా ఎంత గట్టిదో 2024 మార్చిలో చూసినాం. బెంగళూరులో బోర్లు ఎండిపోయి, పెద్ద పెద్ద అపార్టుమెంట్లు ట్యాంకర్ల కోసం పడిగాపులు కాసినాయి. 'కల్కి' రావడానికి మూడు నెలల ముందు జరిగిన సంగతి అది.

చీకటి సినిమాను మూడు ప్రశ్నలు అడుగుదాం

ఒకటి, సుమతికి మాట ఉంటాదా? 2025 సెప్టెంబరులో, రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండదని వైజయంతీ మూవీస్ ప్రకటించినాది. ఆ పాత్ర ఎవరికిస్తారని పెద్ద రచ్చ నడిచింది. ఎవరు చేస్తారనే దానికంటే ఆమె ఏం చేస్తాదనేది పెద్ద ప్రశ్న. మొదటి భాగం పొడుగునా ఆమెను ఎత్తుకపోయేవాడు ఒకడు, కాపాడేవాడు ఇంకొకడు. బిడ్డను మోసేది ఆమె, తీర్పులు మాత్రం మగోళ్లవి. ఆమె తన నిర్ణయం తాను చెప్పకపోతే ఎంత నలుపు పూసినా ఆ చీకటి ఉత్తదే.

రెండు, కాంప్లెక్స్ ఎట్ల నడుస్తాదో చూపిస్తారా? యాస్కిన్ ఒక్కడే దుర్మార్గుడు అయితే వాన్ని కొడితే కథ అయిపోతాది. కానీ ఆ పిరమిడ్‌కు కాపలాదార్లు ఉండారు, లెక్కలు రాసేవాళ్లు ఉండారు, కిందినుంచి పోయి పైవాళ్లకు పనిచేసేవాళ్లు ఉండారు. వాళ్లు ఎందుకు చేస్తాండారో చెప్పినప్పుడే భయం నిజమైతాది.

మూడు, కాశీ జనం ఏమన్నా చేస్తారా, అవతారం కోసం కాసుకోనే ఉంటారా? కల్కి కథలో అసలు ప్రమాదం ఇక్కడుంది. ఎవడో వస్తాడని నమ్మినోడు తన చేతులు ముడుచుకుంటాడు. మనం సినిమా కోసం కాసుకుంటాం, వాన కోసం కాసుకుంటాం, కాలువ నీళ్ల కోసం కాసుకుంటాం, ఎలక్షన్లలో ఇంకొకని కోసం కాసుకుంటాం.

2024 ఆగస్టు 10 రాత్రి, 'కల్కి' హాళ్లలో ఉండగానే, తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకపోయినాది. మనం కండ్లల్లో వత్తులేసుకోని చూసే నీళ్లు పదుల టీఎంసీలు ఏటి పాలయినాయి. 33 గేట్లలో ఒక్క గేటు, ఒక్క గొలుసు. పారే నీళ్లలోనే ఇనుప పలకలు దింపి ఆ కంతను మూసినారు. విశ్రాంత ఇంజనీరు కన్నయ్యనాయుడు దావ చూపించినాడు, పేరు తెలియని కూలోళ్లు, వెల్డర్లు, క్రేన్లోళ్లు వారం లోపలే చేసి చూపించినారు. ఏ అవతారమూ రాలేదు, పని తెలిసిన మనుషులు వచ్చినారు. కాశీ జనంలో అట్లాంటోళ్లు నలుగురు కనపడితే ఆ సినిమాకు నేను రెండుసార్లు పోతా.

ఎదురుచూపు ఖరీదు

ఇంకో మాట, కోపగించుకోవద్దు. 'కల్కి' వచ్చినప్పుడు మన రాష్ట్రంలో రెండు వారాలు మామూలు హాళ్లలో టికెట్టు మీద 75 రూపాయలు, మల్టీప్లెక్సుల్లో 125 రూపాయలు ఎక్కువ తీసుకోడానికి ప్రభుత్వం ఒప్పుకున్నాది. ఆ ఏడాది ఉపాధి హామీ కూలి రోజుకు 300. పెంచిన ముక్కే మామూలు హాల్లో అయితే కూలిలో నాలుగో వంతు, మల్టీప్లెక్సులో అయితే మూడో వంతు పైన తినేసినాది. సినిమా వెయ్యి కోట్లు దాటిందని పోస్టరు వేసినారు, దాంట్లో మీ అమ్మ కూలి కూడా ఉండాది. మొదటి రోజే చూడాలనే ఆత్రాన్ని లెక్కగట్టి అమ్ముకుంటాండారని తెలుసుకోండి. మూడో వారం చూసినా యాస్కిన్ అంతే చీకటిగా ఉంటాడు.

డబ్బు పోతే సంపాదించుకుంటాం. 2020లో కుప్పం పక్కన శాంతిపురంలో ఒక హీరో పుట్టినరోజుకు ఫ్లెక్సీ కడతా కరెంటు తగిలి ముగ్గురు పిల్లోళ్లు పోయినారు. 2024 డిసెంబరు 4న హైదరాబాదు సంధ్య థియేటర్ కాడ 'పుష్ప 2' ముందు రోజు ఆటకు తొక్కిసలాటలో ఒక తల్లి చచ్చిపోయినాది, ఆమె కొడుకు చావు అంచుదాకా పోయినాడు. చీకటి తెర మీద ఉండాల, ఇంట్లోకి రాకూడదు. ఇనుప పైపులతో కటౌటు లేపేటప్పుడు పైన తీగ చూసుకోండి, లైను బందు చేయించకుండా ఎక్కొద్దు.

రెండో భాగం వచ్చినాక చూడండి, ఈలలు కూడా వేయండి. అయిపోయినాక హీరో ఎన్ని ఫైట్లు చేసినాడని కాకుండా, ఆ లోకంలో నీళ్లు ఎవరి చేతిలో ఉండాయో, చివరికి ఎవరి చేతికి వచ్చినాయో మాట్లాడుకోండి. అదే ప్రశ్న ఊర్లో కూడా అడగండి. మన చెరువుకు వచ్చే వంక ఎవరు పూడ్చినారు? కాలువ నీళ్లు మన తూముకు ఎన్ని దినాలు వదలాల, ఎన్ని దినాలు వదిలినారు? గ్రామసభలో నలుగురు పిల్లోళ్లు లేచి ఈ రెండూ అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. దానికి టికెట్టు లేదు.